గ్రాండాక్స్ కుడిచెయ్యి రంగు

మా కోనసీమలో నగరం అనే ఊరి మీదుగా వెళ్ళాల్సి వస్తే నేను ఇప్పటికీ బండి నెమ్మదిగా నడపను. ఆ ఊరి చర్చి మలుపు కనబడగానే తల వంచుకుని వేగం పెంచేస్తాను. అక్కడ నేనేదో దొంగతనం చేశాననో, ఎవరి పిల్లనో లేవదీసుకుపోయాననో అనుకునేరు. అంత గొప్ప పనే చేసుంటే ఈపాటికి గర్వంగా చెప్పుకునేవాణ్ణి. నేను చేసింది ఒక బొమ్మకి రంగు వెయ్యడం. ఆ రంగు దెబ్బకి మా బాబాయి పరువు గోదాట్లో కలవబోయి వెంట్రుకవాసిలో తప్పింది, ఒక ఆరేళ్ళ పిల్ల కువైట్‌కి వినపడేలా ఏడవబోయింది, నాకు మాత్రం జరగాల్సిన శాస్తి పూర్తిగా జరిగింది. చెబుతాను, మీరు కూర్చోండి. నన్ను కూర్చోమనకండి, ఈ సంగతి తలుచుకుంటే నాకు కాలు నిలవదు.

అప్పట్లో నేను ఇంటర్ రెండో ఏడు. మాది రాజోలు, కాలేజీ అమలాపురం, మధ్యలో బస్సు. సాయంత్రం అయ్యేసరికి నాకు ఒళ్ళంతా చీమలు పాకుతున్నట్టు ఉండేది. ఎందుకంటే అయిదున్నరకి కేబుల్ టీవీలో గ్రాండాక్స్ వస్తాడు. గ్రాండాక్స్ అంటే మరమనిషి, కొండంత ఒళ్ళు, లోకాన్ని కాపాడే ఉద్యోగం, సెలవుల్లేవు. వాడికోసం నేను కెమిస్ట్రీ ల్యాబు ఎగ్గొట్టి, కదులుతున్న బస్సు పట్టుకుని, ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా టీవీ ముందు నిలబడేవాణ్ణి. మీసాలొస్తున్న వయసులో కార్టూన్లేమిటని మా అమ్మ బాధ. అదే సమయానికి తన సీరియల్ పోతోందని మా అక్క బాధ.

నిజానికి కథతో నాకు పని లేదు. వాడు ఎవర్ని కాపాడాడో, ఎందుకు కాపాడాడో అడిగితే చెప్పలేను. వాడి ఒంటి మీద ఏ మర ఎక్కడుందో అడగండి, నిద్రలో లేపినా చెబుతాను. ఫిజిక్సు రికార్డు వెనకపేజీల నిండా వాడి మోకాళ్ళే. ఎడమ మోకాలి మీద మూడు గీతలుండాలి. ఒకరోజు బొమ్మలేసినవాడు ఏ ధ్యాసలో ఉన్నాడో రెండే గీశాడు. ఆ పూట నాకు అన్నం సయించలేదంటే నమ్మండి. ఇంత పాండిత్యం ఉండీ వినేవాడు లేక లోపల ఉడికిపోతూ ఉండేవాణ్ణి.

అలాంటి రోజుల్లో మా బాబాయి కువైట్ నుంచి సెలవు మీద వచ్చాడు. గల్ఫ్ నుంచి మనిషి రావడమంటే ఒక్క మనిషి రావడం కాదని మా వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళ కోసం చెబుతున్నాను. ఒకరికి సెలవు దొరికిందని తెలిస్తే అక్కడున్న చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళంతా తలా ఒక మూట కట్టి చేతిలో పెడతారు. అమ్మకి దుప్పటి, ఆవిడకి అత్తరు, పిల్లలకి పాలపొడి. మూట మీద పేరూ ఊరూ లావుపాటి పెన్నుతో రాసుంటాయి. వచ్చినవాడు తన పెట్టె సర్దుకోకముందే ఊరూరా తిరిగి ఆ మూటలు ఇచ్చి రావాలి. ఇచ్చేసి వచ్చెయ్యడానికి లేదు. ఏమేం పంపించాడో అక్కడి మనిషి ముందే ఫోన్లో చెప్పేసి ఉంటాడు కాబట్టి ఇంటివాళ్ళు అందరి ఎదటా మూట విప్పి సరిచూసుకుంటారు. అంతా సరిపోతే తెచ్చినవాడికి భోజనం పెడతారు. ఆ భోజనం పెడితేనే పని అయినట్టు. ఒక్క అత్తరు సీసా తేడా వచ్చిందా, ఆ మనిషి చేతికి మళ్ళీ ఎవరూ గుండుసూది కూడా ఇవ్వరు.

మా బాబాయికి ఈ విషయంలో మహా పేరు. ఎన్నేళ్ళు మోసినా ఒక్కరి చేత మాట పడలేదు. ఆ పేరంటే ఆయనకి ప్రాణం. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే నేను సరిగ్గా గుర్తుపెట్టుకోవాల్సినప్పుడు మర్చిపోయాను.

ఆసారి మూటల్లో ఒక అట్టపెట్టె ఉంది. దారిలో ఎక్కడో తనిఖీలో టేపు కోసేశారట, మూత నోరు తెరుచుకుని ఉంది. నేను ముట్టుకోలేదు, వంగి చూశానంతే. లోపల మరో రంగుల పెట్టె, దాని మీద గ్రాండాక్స్ నిలబడి ఉన్నాడు. ముదురు నాచురంగు ఒళ్ళు, తల మీద రెండు కొమ్ములు, బూడిద మెరుపుతో రెండు చేతులు, మోకాలి మీద మూడు గీతలు. నాకు గుండె ఆగినంత పనైంది. రాజోల్లో, మా ఇంట్లో, మా నులకమంచం మీద గ్రాండాక్స్.

ఆ పెట్టె మూత కూడా ఎత్తాను. హోటలు బయట బోర్డు మీద దోసె బొమ్మ చూసి లోపలికెళ్ళినవాడికి, ప్లేటు వచ్చాక ఎలా ఉంటుందో నాకు అలా అయింది. లోపలున్నది గ్రాండాక్స్ కాదు. గ్రాండాక్స్ గురించి ఎవరో చెబితే, వినీ విననట్టు విన్నవాడు చేసిన బొమ్మ. ఒళ్ళు చిలకపచ్చ. కొమ్ములు మూడు. నోరు గీతలా బిగుసుకుని ఉండాల్సింది పోయి చక్కగా నవ్వుతోంది. లోకాన్ని కాపాడేవాడికి నవ్వడానికి తీరికెక్కడిదండీ? వీటన్నిటికీ మించిన ఘోరం కుడిచెయ్యి. భుజం నుంచి వేళ్ళదాకా ఎర్రగా, పోస్టుడబ్బా ముక్క తెచ్చి అతికించినట్టుంది. ఎడమచెయ్యి చిలకపచ్చ, కుడిచెయ్యి ఎరుపు. పెట్టె మీద సరైన బొమ్మ వేసుకుని, లోపల ఇది పెట్టడానికి వాళ్ళకి చేతులెలా వచ్చాయో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

తిన్నగా బాబాయి దగ్గరికెళ్ళాను. ఆయన గడ్డం గీసుకుంటున్నాడు.

“బాబాయ్, ఆ బొమ్మ తప్పు.”

“బొమ్మ తప్పేంట్రా?”

“టీవీలో అలా ఉండదు.”

“అయితే టీవీవాడికి చెప్పు, మార్చుకుంటాడు” అన్నాడు, అద్దంలోంచి కళ్ళు తిప్పకుండా.

అది నగరం యేసుబాబు గారు వాళ్ళమ్మాయి కెజియాకి పంపించిందనీ, ఆయన అక్కడ తనతోపాటే డ్రైవరనీ, ఆదివారం చర్చి వదిలాక పట్టుకెళ్ళి ఇవ్వాలనీ, దాని జోలికెళితే మర్యాద దక్కదనీ చెప్పాడు. నేను బుద్ధిగా తలూపాను. తల ఊగింది గానీ లోపల మనసు ఊరుకోలేదు.

ఆ రెండు రోజులూ నేను మనిషిని కాను. పుస్తకం తెరిస్తే ఎర్రచెయ్యి. అన్నం ముందు కూర్చుంటే మూడో కొమ్ము. మంచం దగ్గరికెళ్ళి పెట్టె తెరవడం, చూడడం, నిట్టూర్చి మూసెయ్యడం, గుమ్మందాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి రావడం. ఎలక దొరకని పిల్లి కూడా అన్నిసార్లు తిరగదు. పోనీ నాది కానిదాని గురించి నాకెందుకని ఊరుకోవచ్చు కదా. ఊరుకునే రకమైతే ఈ కథెందుకుంటుంది? పైగా ఆ పిల్ల మీద నాకు పట్టరానంత జాలి పుట్టుకొచ్చింది. పాపం, కెజియా ఈ బొమ్మ పట్టుకుని టీవీ ముందు కూర్చుంటుంది. తెర మీద అసలు గ్రాండాక్స్, ఒళ్ళో ఈ చిలకపచ్చ నకిలీ. స్నేహితులంతా నవ్వుతారు. నాన్న మోసపోయాడని ఆ పసిమనసుకి తెలిసిపోతుంది. ఈ విపత్తుని ఆపగలవాడు భూమ్మీద నేనొక్కణ్ణే. అలా అనుకుని నేను కళ్ళు తుడుచుకున్నాను కూడా.

శనివారం బాబాయి మూటలివ్వడానికి సఖినేటిపల్లి వెళ్ళాడు. అమ్మ పేరంటానికి, అక్క కుట్టు నేర్చుకోవడానికి వెళ్ళారు. ఇక నన్ను పట్టేవాడెవడు? కిటికీలకి వేసిన ముదురాకుపచ్చ రంగు అటక మీద డబ్బాలో మిగిలుంది. గేటుకి వేసిన వెండిరంగు దాని పక్కనే ఉంది. కుళాయి కారితే పెట్టే ముద్ద, ఇనుము కోసే రంపపు బ్లేడు, రికార్డు బొమ్మలేసుకునే బ్రష్షు, అన్నీ దేవుడే సమకూర్చినట్టు చేతికందాయి. ముందు మధ్యకొమ్ము కోసేశాను. అది టప్పున ఎగిరి ఎటో పోయింది, వెతకలేదు, చెడు తొలగింది అనుకున్నాను. నవ్వే నోటి మీద ముద్ద పెట్టి, అగ్గిపుల్లతో గీత గీశాను. ఒళ్ళంతా నాచురంగు కొట్టి, చివరికి చేతుల దగ్గరికొచ్చాను. ఆ ఎరుపు మీద వెండిరంగు ఒక పూత వేస్తే లోపల్నుంచి తొంగిచూసింది. రెండో పూత వేశాను. మూడో పూతకి అణిగింది.

ఆరబెడదామని పెరట్లో అరుగు మీద పెట్టి, చేతులు కడుక్కోవడానికి వెళ్ళాను. పక్క దొడ్లో కొబ్బరికాయలు ఒలుస్తున్నారన్న ధ్యాస నాకు లేదు. వచ్చి చూసేసరికి గాల్లో ఎగిరొచ్చిన పొట్టూ పీచూ అంతా తడిరంగుకి అంటుకుని గ్రాండాక్స్‌కి ఒళ్ళంతా వెంట్రుకలు మొలిచాయి. ఎలుగుబంటిలా ఉన్నాడు. కిరసనాయిలు గుడ్డతో తుడిచి, మళ్ళీ రంగేసి, ఈసారి ఫ్యాను కింద పెట్టి, ఆరిందా లేదా అని నిమిషానికోసారి ముట్టుకుని, ముట్టుకున్నచోటల్లా వేలిముద్ర పడితే దాని మీద మళ్ళీ రంగేసి, మొత్తానికి సాధించాను. అచ్చుగుద్దినట్టు టీవీలో గ్రాండాక్సే. నాకు నేనే దణ్ణం పెట్టుకోవాలనిపించింది.

అప్పుడే అక్క వచ్చింది. వాసన పట్టుకుని లోపలికొచ్చి, బొమ్మని చూసి, నన్ను చూసి, ఎవరిదిరా ఇది అని అడిగింది. సంగతంతా చెప్పాను. అచ్చం టీవీలో ఉన్నట్టు చేశానన్నాను.

“ఆ పిల్లకి టీవీలో ఉన్నట్టే కావాలని నీకెవరు చెప్పేరు?” అంది.

ఎంత తెలివితక్కువ ప్రశ్న అనుకున్నాను. సీరియళ్ళు చూసేవాళ్ళకి ఇంతకన్నా ఏం తెలుస్తుందిలే అని బొమ్మని రంగుల పెట్టెలో పెట్టి, అట్టపెట్టెకి కొత్త టేపు అంటించేశాను. ఆ ప్రశ్న విలువ నాకు తెలియడానికి ఇంకా ఒక రాత్రి పట్టింది.

ఆదివారం నేను కూడా వస్తానని బాబాయి స్కూటరెక్కాను. చప్పట్లు నేనే స్వయంగా అందుకోవాలని నా ఆశ. సగం దారిలో బాబాయి ముక్కెగబీల్చి, పెట్టె వాసనొస్తోందేమిట్రా అన్నాడు. విమానంలో పెట్రోలు ఒలికి ఉంటుంది బాబాయ్ అన్నాను. ఆయన మరి మాట్లాడలేదు గానీ స్కూటరు కాస్త నెమ్మదించింది.

మేం వెళ్ళేసరికి చర్చి వదిలారు. యేసుబాబు గారి వసారా నిండా జనం. ఆయన భార్య స్కూలు టీచరు, మాకు కుర్చీలు వేయించారు. ఆయన తల్లి, తెల్లచీర కట్టుకున్న మామ్మగారు, మంచినీళ్ళిచ్చి కువైట్ సంగతులు అడిగారు. మధ్యలో తెల్లగౌను వేసుకుని, ముందుపన్ను ఊడిన పిల్ల ఒకటి పెట్టె వంకే చూస్తూ నిలబడింది. అది కెజియా. బాబాయి టేపు పీకబోతుంటే చెయ్యి అడ్డంపెట్టింది.

“ఆగండి అంకుల్, విప్పకుండానే నేను చెప్తాను.”

వసారా అంతా ముచ్చటపడి చెవులొగ్గింది. ప్రతి శుక్రవారం నాన్న ఫోన్లో చెబుతున్నారట, ఈ పిల్ల కంఠతా పట్టేసిందట. కళ్ళు గట్టిగా మూసుకుని బైబిలు వాక్యం అప్పజెప్పినట్టు మొదలుపెట్టింది. ఒళ్ళంతా చిలకపచ్చ అంది. నా వీపున చెమట పట్టింది. తల మీద మూడు కొమ్ములు అంది. నేను కుర్చీ కాస్త వెనక్కి జరిపాను. నవ్వుతా ఉంటాడు అంది. నేను గుమ్మం ఎంత దూరమో చూసుకున్నాను.

“కుడిచెయ్యి ఎర్రగా ఉంటది. నా చెయ్యిలాగ.”

నా చెయ్యిలాగ అంటే ఏమిటో మామ్మగారు బాబాయికి చెప్పారు. యేసుబాబు గారు కువైట్ బయల్దేరే ముందు ఈ పిల్ల జామచెట్టు మీంచి పడి కుడిచెయ్యి విరగ్గొట్టుకుందట. కట్టు కట్టించి, మామ్మగారి పాత ఎర్రచీర చింపి మెడకి వేలాడదీశారట. తండ్రి బస్సెక్కేటప్పుడు ఈ పిల్ల ఆ ఎర్రగుడ్డ చేత్తోనే సాగనంపిందట. అక్కడ కొట్లో బోల్డన్ని బొమ్మలున్నా, ఎర్రచెయ్యి కనబడేసరికి ఆయన మరి వేరేది చూడలేదట.

“మా కెజియా చెయ్యేనమ్మా అని ఫోన్లో ఒకటే ఏడుపండి బాబూ” అన్నారు మామ్మగారు.

మీరిప్పుడు నన్ను ఏమనుకుంటున్నారో నాకు తెలుసు. ఆ క్షణంలో నేను కూడా అదే అనుకున్నాను. భూమి చీలితే బాగుండునని చూశాను, నగరంలో గట్టిగా సిమెంటు చేయించిన వసారా అది, చీలలేదు.

బాబాయి పెట్టె విప్పాడు. గుప్పుమని కిరసనాయిలు వాసన. నాచురంగు ఒళ్ళు, రెండు కొమ్ములు, బిగుసుకున్న నోరు, బూడిదరంగు చేతులు. పైగా రంగు పూర్తిగా ఆరకపోవడం వల్ల అట్ట ముక్కొకటి పిర్రకి అంటుకుని ఊడిరాలేదు. కెజియా బొమ్మ చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

“ఇది నాది కాదు” అంది. ఏడవలేదు. పెదవి మాత్రం వంకర తిరిగింది.

బాబాయి మొహంలో రక్తం లేదు. ఇదేనమ్మా, నా చేతికిచ్చింది ఇదే, అదే పెట్టె, అని ఏదేదో అన్నాడు. వసారాలో ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మామ్మగారు మాత్రం ఎంతో మర్యాదగా, “పోనీలెండి బాబూ. దారిలో మారిపోయుంటది. మీరు మాత్రం ఏం చేస్తారండి. మీ ఇంట్లోనూ పిల్లలున్నారు కదండీ” అన్నారు.

తిట్టినా బాగుండేది. అన్నేళ్ళ పేరు ఆ ఒక్క మర్యాదతో పోయింది. బాబాయి లేచి నిలబడ్డాడు, ఏం చెయ్యాలో తెలీక మళ్ళీ కూర్చున్నాడు. లోపల వంటింట్లో వడ్డనకి సిద్ధంగా ఉన్న గిన్నెల చప్పుడు కూడా ఆగిపోయింది.

సరిగ్గా అప్పుడు ఫోను మోగింది. బొమ్మ చేరే వేళ కదా అని యేసుబాబు గారే చేశారు. కెజియా అందుకుని, నాన్నా ఎర్రచెయ్యి రాలేదు, ఇంకెవరిదో వచ్చింది అని చెప్పింది. అవతల్నుంచి ఏమన్నారో, రిసీవరు బాబాయి వైపు చాపింది. ఒక్కరి చేతా మాట పడని మనిషి దొంగలా తలవంచుకుని అందుకోబోయాడు. అంతే, మరి ఆగలేకపోయాను. ఒక్క గెంతులో వెళ్ళి రిసీవరు లాక్కున్నాను.

“ఆ బొమ్మ మీదేనండి. నేనే రంగేసేనండి. మా బాబాయికి తెలీదండి.”

“ఎందుకండీ?” అన్నారాయన అంత దూరం నుంచి. పద్దెనిమిదేళ్ళు కూడా లేని వెధవని నన్ను అండీ అన్నారు చూడండి, అదీ మా కోనసీమ.

“కార్టూన్లో అలా ఉండదండీ.”

“ఏ కార్టూనండీ?”

నేను వెనక్కి తిరిగి చూశాను. టీచరు గారు, మామ్మగారు, కెజియా, వసారాలో జనం, అందరి మొహాల్లోనూ అదే ప్రశ్న. ఆ ఇంట్లో టీవీ లేదు. గ్రాండాక్స్ అనేవాడొకడున్నాడని ఆ ఇంట్లో ఎవరికీ తెలీదు. కొన్నాయనకీ తెలీదు.

బాబాయి నన్నేమీ అనలేదు. స్కూటరు మీద ఇంటికెళ్ళేటప్పుడు అనడానికి దాచుకున్నాడని తర్వాత తెలిసింది. టీచరు గారు లోపల్నుంచి కిరసనాయిలు సీసా, గుప్పెడు కొబ్బరిపీచు తెచ్చి నా ముందు పెట్టారు. చర్చి నుంచి ఇళ్ళకి పోవాల్సినవాళ్ళంతా అరుగు చుట్టూ నిలబడిపోయారు. నేను రుద్దడం మొదలుపెట్టాను. మూడు పూతల వెండిరంగు అంత తేలిగ్గా వదులుతుందా? రుద్దుతున్నకొద్దీ బొమ్మ మీంచి నా మీదికొస్తోంది. గోటితో గీకాను, పీచుతో తోమాను. చివరికి కొంచెం ఎరుపు కనబడింది. ఆ పైన ఇంకొంచెం. మొత్తం వదల్లేదు, మచ్చలు మచ్చలుగా పొలుసులూడుతున్నట్టు తేలింది. ఇంక నా వల్ల కాదని భయపడుతూ ఆ పిల్ల ముందు పెట్టాను.

కెజియా బొమ్మ చెయ్యి పట్టుకుని చాలాసేపు చూసింది.

“నా కట్టు విప్పినప్పుడు కూడా ఇలాగే తోలు ఊడింది కదా మామ్మా” అంది. ఆ చెయ్యి పైకెత్తబోయింది. కీలు సందుల్లోకి నా రంగు పోయి గడ్డకట్టింది, లేవలేదు. నేను కళ్ళు మూసుకున్నాను. “ఇంకా నొప్పి తగ్గలేదు” అని తనే తీర్పు చెప్పి, లోపలికి పరిగెత్తి ఎర్రచీర పేలికొకటి తెచ్చి, చేతికి చుట్టి బొమ్మ మెడకి వేలాడదీసింది. మూడో కొమ్ము ఏదని అడిగింది. ఊడిపోయిందన్నాను. నాలుకతో తన పన్ను సందు తడుముకుని, అయితే మళ్ళీ వస్తుందిలే అంది. తర్వాత ఫోనందుకుని, నాన్నా వచ్చింది, నాదే, కట్టు కట్టేను అని అరిచింది.

మామ్మగారు బాబాయి వైపు తిరిగి, “భోజనానికి లేవండి బాబూ” అన్నారు. బాబాయి ఊపిరి వదలడం వసారా అంతటికీ వినబడింది. నేను కూడా ఆయన వెనకే లేచాను. కెజియా అడ్డంగా నిలబడింది. మళ్ళీ ఇలా చెయ్యనని అందరి ఎదటా చెప్పాలట. ఊరికే చెబితే చాలదట, సండే స్కూల్లో లాగ కుడిచెయ్యి ఎత్తి చెప్పాలట.

ఆకలి దంచేస్తోంది, లోపల్నుంచి చేపల పులుసు వాసనొస్తోంది. కుడిచెయ్యి నిలువుగా ఎత్తాను. ఈ క్షణం నుంచి లోకంలో ఏ బొమ్మ ఏ రంగులో ఉన్నా, కొమ్ములు మూడున్నా ముప్పై ఉన్నా, ఏడవాల్సినవాడు నవ్వుతున్నా, పెట్టె మీద ఒకటీ లోపల ఒకటీ ఉన్నా, దాన్ని సరిచెయ్యననీ, సరిచేసే తలంపు వస్తే చేతులు నడుం వెనక కట్టుకుని గోదాట్లో దిగుతాననీ, బాబాయి పేరు మీదా రాబోయే చేపల పులుసు మీదా ఒట్టేసి చెప్పాను. ఎవరూ నవ్వలేదు. అందరూ నా చేతి వంకే చూస్తున్నారు. నేను కూడా తలెత్తి చూశాను. వేళ్ళ నుంచి మోచెయ్యి దాకా నిండా వెండిరంగు పట్టి, ఎండలో బూడిద మెరుపుతో తళతళలాడుతోంది.

“టీవీలో వాడి చెయ్యి ఈ రంగేనా అండీ?” అంది కెజియా.

పరీక్షగా చూశాను. నీడలో, వెలుగులో తిప్పి చూశాను. ఎక్కడా పిసరంత తేడా లేదు.

“ఆయ్” అన్నాను. “అచ్చం ఇదే.”